నేల సాక్ష్యము: ప్రకటింపబడని రాడారు పరీక్షల తూకము



గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకము వచ్చినపుడు మొదట జరుగు పని దానిని చదువుట కాదు. చేర్పు పట్టికలో వ్రాసికొనుట. కర్త యెవరు, ఏ యేట, ఏ యూర అచ్చయినది, పుటలెన్ని, ఇచ్చినవారెవరు అనునవి వ్రాసిన పిదపనే అది బీరువా నెక్కును. పట్టికలో లేని పుస్తకమును పేర్కొని, “అందులో ఇట్లున్నది, కావున ఇంతకాలము మీరు నమ్మిన దంతయు అసత్యము” అని వాదించువానికి గ్రంథపాలకుడు చెప్పు సమాధానము చిన్నది. పుస్తకము తెండు, బల్లపై నుంచుడు, అందరును చూతురు. ఇరువదియైదేండ్లుగా ఈ పల్లె గ్రంథాలయమున సాగుచున్న ఈ చిన్న అలవాటే నేటి విషయమునకు ద్వారము.

విషయమిది. నేలను త్రవ్వకయే లోపలి స్థితిని కొంతవరకు తెలుపు రాడారు యంత్రమొకటి గలదు. పోలండు దేశమున ట్రెబ్లింకా అను చోట జర్మను నాజీలు లక్షలాది యూదులను చంపి పూడ్చిరనుట చరిత్ర. ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ క్రెగే అను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు 1999 అక్టోబరులో ఆ యంత్రముతో అచ్చటి నేలను పరీక్షించితిననియు, పెద్ద గుంతలు త్రవ్విన జాడయే లేదనియు, అందువలన ఆ సంహారము కట్టుకథ యనియు ప్రచారము చేసెను. 2006 డిసెంబరులో టెహరాను నగరమున జరిగిన ఒక సమావేశమునకు సైతము ఆ వాదమును మోసికొనిపోయెను. కాని ఆ పరీక్ష యొక్క పూర్తి నివేదిక ఏ శాస్త్ర పత్రికయందును వెలువడలేదు. ఐనను ఆ మాట పాతికేండ్లుగా చేతులు మారుచునే యున్నది. దానికి ఎంత బరువీయవలెను?

పోలండువారి తగవు ఈ పల్లెకేల యని కొందరికి తోచవచ్చును. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన దినమున మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గుండ్ల నడుమ, చెరువుల ప్రక్కన నున్న ఊళ్లే. నేడచ్చట రహదారి క్రింద మంచినీటి గొట్టములు, మురుగు గొట్టములు, విద్యుత్తు తీగలు, కాంతితంతువుల కేబుళ్లు ఒకదానిపై నొకటి పరచుకొని యున్నవి. గడ్డపార తప్పుచోట పడినచో ఒక అంతస్తు కార్యాలయమంతయు చీకటియగును. అందుచే త్రవ్వకమునకు ముందు పసిపిల్లల బండివంటి చక్రాల బండిపై రాడారు పెట్టెను తోసికొనుచు పోయి, రోడ్డుపై రంగుతో గుర్తులు పెట్టు పద్ధతి వచ్చినది. ఆ తెరమీది గీతలను చదువగల యువకులు, ఆ గీతలకు లెక్కకట్టు కార్యక్రమములను వ్రాయగల యువతులు ఈ చుట్టుప్రక్కల ఊళ్ల బిడ్డలలోనే కలరు. “రాడారు చెప్పినది” అను మాట వారి చేతి ఫోనులోనికి వచ్చినపుడు, శాస్త్రము పేరు విని తల యూపుటయు తగదు, చెడ్డవాని నోట వచ్చినదని వినకుండుటయు తగదు. తూచవలసినదే. తూచుటకు ముందు తక్కెడను తెలిసికొనవలెను.

యంత్రపు పని కష్టమైనది కాదు. అది సూక్ష్మమైన రేడియో తరంగపు తునకలను నేలలోనికి పంపును. లోపల ఒక పొర ముగిసి వేరు స్వభావము గల పొర మొదలగు చోట ఆ తరంగములో కొంత వెనుదిరుగును. పోయివచ్చిన కాలమును బట్టి లోతును గణింతురు. ఐతే తరంగము అన్ని నేలలలో ఒకే వేగమున పోదు. గాలిలో నానోసెకనునకు 30 సెంటీమీటర్లు పోవునది పొడి యిసుకలో సుమారు 15, తడి బంకమట్టిలో సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే పోవును. 40 నానోసెకన్లకు తిరిగివచ్చిన ఒక గుర్తు పొడి యిసుకలో 3 మీటర్ల లోతున నున్నట్లు. తడి బంకలో 1 మీటరు 20 సెంటీమీటర్ల లోతున నున్నట్లు. నేల యెట్టిదో చెప్పక లోతు మాత్రము చెప్పుట, మానికయో కుంచమో చెప్పక పది కొలతల ధాన్యమనుట వంటిది.

లోతుగా పోవలెననిన తక్కువ పౌనఃపున్యము గల తరంగము కావలెను. దానికి సూక్ష్మదృష్టి తక్కువ. సూక్ష్మముగా చూడవలెననిన ఎక్కువ పౌనఃపున్యము కావలెను. అది లోతునకు పోదు. రెండును ఒక్కసారి దొరకవు. ఆదిలాబాదు నల్లరేగడిలో వానకాలమున మీటరు లోతు చూచుటయే గగనము. మాదాపురపు పొడి రాతి నేలలో అదే యంత్రము ఎన్నో రెట్లు లోతు చూడగలదు. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. యంత్రము “ఇది గొట్టము, ఇది ఎముక” అని పేరు పెట్టి చెప్పదు. ఇచ్చట ఏదో భేదమున్నదని మాత్రము చెప్పును. భూమిలోని గొట్టము తెరమీద వంచిన విల్లువలె కనబడును. గచ్చిబౌలి గుండ్ల నేలలో పూడియున్న ఉండ్రాయి కూడ అట్లే కనబడగలదు. ఏది యేదో తేల్చునది పార.

ఈ పాఠమును తెలుగువారు 2025లో కన్నీటితో నేర్చికొనిరి. ఆ యేట ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము, ముఖద్వారమునుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల కూలినది. పరరాష్ట్రములనుండి పొట్టకూటికి వచ్చిన ఎనిమిదిమంది బురదక్రింద చిక్కుకొనిరి. హైదరాబాదు ఉప్పల్‌లో 1961 నుండి ప్రసిద్ధిగాంచిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు రాడారు తీసికొని లోనికి పోయిరి. భేదము కనబడిన చోట్లు గుర్తింపబడినవి. ఆ గుర్తులున్నచోటనే మనుష్యులున్నారని మాట పుట్టినది. రాష్ట్రమంతయు ఆ మాటను పట్టుకొని రాత్రులు గడపినది. త్రవ్వగా ఇనుప శకలములు ఎదురైనవి. తొలి దేహము మార్చి 9న దొరకినది. దాని జాడ తీయుటలో కేరళ పోలీసు కుక్కలు తోడ్పడినవి. రెండవది మార్చి 25న దొరకినది. యంత్రము అబద్ధమాడలేదు. నీరు, బురద, విరిగిన త్రవ్వక యంత్రపు ఉక్కు కలగలిసిన ఆ చోట అది చూపగలిగినది చూపినది. “భేదము” అను మాటను “మనిషి” అను మాటగా మార్చినది వినువారి ఆశ. ఆశ తప్పు కాదు. ఐనను ఆ మార్పు ఎచ్చట జరిగినదో గుర్తుంచుకొనవలెను, ఏలయన ట్రెబ్లింకా వాదమున ఇదే మార్పు తలక్రిందులుగా జరిగినది.

ఇక ట్రెబ్లింకా. వార్సా నగరమునకు ఈశాన్యమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ఇసుకనేల అడవిలో, 1942 జులై 23న ఆ వధ్యశాల పని మొదలుపెట్టినది. వార్సా యూదుల వాడనుండి రెండు నెలలలో రెండున్నర లక్షలకు పైబడిన జనమును రైళ్లలో అచ్చటికి తెచ్చిరి. మొత్తము మృతులు ఏడు లక్షలకు తక్కువ కారనియు, తొమ్మిది లక్షల వరకు నుండవచ్చుననియు చరిత్రకారుల గణన. మొదట శవములను పెద్ద గుంతలలో పూడ్చిరి. 1943 తొలి నెలలలో పై యధికారుల ఆజ్ఞ వచ్చినది: పూడ్చిన వానిని వెలికి తీసి కాల్చవలెను. రైలుపట్టాలను కట్టెలపొయ్యి మీది కమ్ములవలె పరచి, త్రవ్వక యంత్రములతో శవములను ఎత్తి, వాటిపై కాల్చి, బూడిదను ఎముకల పొడిని మన్నుతో కలిపి తిరిగి గుంతలలో పోసిరి. ఆ శిబిరపు అధికారి కుర్ట్ ఫ్రాంజ్ 1959లో పట్టుబడినపుడు అతని యింట దొరకిన ఫొటోల పుస్తకమున ఆ త్రవ్వక యంత్రముల బొమ్మలు కలవు. పుస్తకమునకు అతడు పెట్టుకొన్న పేరు “మంచి రోజులు”. దీనికి వ్యాఖ్య వ్రాయుట ఎవరి తరము?

1943 ఆగస్టు 2న బందీలు తిరుగబడిరి. కొలదిమంది తప్పించుకొనిరి. శరత్కాలమునకు శిబిరమును కూలగొట్టి, నేల దున్ని, లూపిన్ విత్తనములు చల్లి, ఒక రైతు ఇల్లు కట్టి, కాపురముంచిరి. యుద్ధము ముగిసిన పిదప మరియొక హీనమైన త్రవ్వకము జరిగినది: బంగారు పండ్లు దొరకునను పేరాసతో దోపిడికాండ్రు ఆ నేలను పెళ్లగించిరి. 1945 నవంబరులో జ్డిస్లావ్ లుకాష్కీవిచ్ అను పోలిష్ న్యాయాధికారి చేయించిన పరీక్షలో ఆరు మీటర్ల లోతు గల ఒక పెద్ద గోతిని ఇంకను క్రిందికి త్రవ్వగా, ఏడున్నర మీటర్లకు గాని కదలని ఇసుక పొర తగులలేదు. పైన బూడిద, ఎముకలు ఎకరములకొలది పరచుకొని యుండెను. 1964లో ఆ చోటనే సుమారు 17,000 శిలలతో స్మారకము కట్టిరి.

ఇప్పుడు “నేల కదలలేదు” అను మాటను దీని ప్రక్కన నుంచి చూడవలెను. సంహారము జరిగినదని ఒప్పుకొననివాడైనను, 1945 నాటి న్యాయాధికారి త్రవ్వకమును, దోపిడికాండ్ర గోతులను, 1964 నాటి స్మారక నిర్మాణమును కాదనజాలడు. అవన్నియు ఆ నేలలోనే జరిగినవి. ఆ నేల అంతటను కదలని పొరలే కనబడినవని ఒక రాడారు చెప్పినచో, అది గుంతలు లేవని రుజువు చేయలేదు. ఉన్న గోతులను సైతము తాను చూడలేకపోయినదని రుజువు చేసినది. వరిమడిలో ఎలుక కన్నమును చూడలేనివాడు నాగేటిచాలు కూడ లేదనినచో, అది చాలు తప్పు కాదు గదా.

లేక ఆ యంత్రము చూడవలసిన చోట చూడలేదేమో, లోతు చాలలేదేమో, ఏ వేగమును లెక్కలోనికి తీసికొన్నాడో, గీతల నడుమ ఎంత యెడము విడిచినాడో. “ఏమో” అనుటకంటె వేరు గతి లేదు, ఏలయన చెప్పవలసినవాడు చెప్పలేదు. ఇట్టి పరీక్షకు నాలుగైదు సంగతులు వెల్లడియైన చాలును: బండి నడచిన దారుల పటము, వాడిన పౌనఃపున్యము, ఆ నేలలో తరంగవేగమును కొలిచిన విధము, దిద్దని మూలరేఖలు, అన్నింటికంటె ముఖ్యముగా త్రవ్వినదని ముందే తెలిసిన ఒక గోతిమీద యంత్రమును నడపి అది కనబడినదో లేదో చూచిన ఫలితము. ఈ కడపటిది కంసాలి ఒరగల్లు వంటిది. మేలిమి యని తెలిసిన ముక్కను గీసి చూడక తెలియని ముక్కకు వన్నె కట్టు కంసాలి వద్దకు ఏ యిల్లాలు పోదు. సమావేశములలో చూపిన కొన్ని బొమ్మలు ఈ పనికి రావు. ఏ బొమ్మలు చూపవలెనో ఎన్నుకొన్నది చూపినవాడే.

తెలుగు దేశమున చరిత్ర పరిశోధకులు ఈ విషయమున ఎట్టి నియమమును పాటించిరో ఈ సభకు తెలియనిది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో నొకరగు కొమర్రాజు లక్ష్మణరావుగారి పేర ఏర్పడిన పరిశోధక మండలివారు పల్లె పల్లె తిరిగి రాతి శాసనములకు ప్రతిచ్ఛాయలు తీసి, 1935లో “తెలంగాణా శాసనములు” అను సంపుటమును ప్రకటించిరి. అడవిలో ఒక శాసనము చూచితిని, అందు కాకతీయులు లేరని యున్నది, కాని ప్రతిచ్ఛాయ చూపను, ఊరి పేరు చెప్పను అనువానిని ఆ పెద్దలు ఏమనెడివారో ఊహించుకొనవచ్చును. వారికాలమున చదువుటలో తప్పులు దొరలలేదా? దొరలినవి. మూలపాఠము అచ్చులో నుండుటచేతనే తరువాతివారు దిద్దగలిగిరి.

ట్రెబ్లింకా నేలను అట్టి పద్ధతిలో చూచినవారు తరువాత వచ్చిరి. ఇంగ్లండుకు చెందిన పురావస్తు పరిశోధకురాలు కెరొలిన్ స్టర్డీ కాల్స్ 2010లో అచ్చట పని మొదలిడెను. యూదుల ధర్మము ప్రకారము సమాధిని కదల్పరాదు. కావున ఆమె గుంతలున్న చోట పారవేయక రాడారు, విద్యున్నిరోధ పరీక్ష, పాత విమాన ఛాయాచిత్రములు, నేల ఎత్తుపల్లముల కొలతలు, సాక్షుల వాఙ్మూలములు అన్నింటిని ఒకదానితో నొకటి సరిచూచెను. అడవి క్రింద, గడ్డి క్రింద పలు గుంతల అంచులు బయటపడినవి. వానిలో పెద్దది 26 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు. లోతు కనీసము 4 మీటర్లని ఆమె చెప్పెను. అంతకు క్రింద యంత్రము చూడలేదని కూడ చెప్పెను. ఆ “కనీసము” అను మాటలోనే ఆమె పనియొక్క విలువ కలదు. 2012లో ఆ పద్ధతులు విద్వత్పత్రికలో అచ్చయినవి, 2015లో గ్రంథము వచ్చినది. నడుమ 2013లో సమాధులు కాని చోట పరిమితముగా త్రవ్వగా ఇటుక గోడల పునాదులు, నారింజరంగు నేలపలకలు దొరకినవి. విషవాయుగృహపు నేలను గూర్చి బ్రతికి బయటపడినవారు చెప్పిన పలకలట్టివే. తప్పు పట్టదలచినవానికి పటములున్నవి, కొలతలున్నవి.

పోలండులోనే బెల్జెక్ అను మరియొక వధ్యశాలవద్ద ఆంజెయ్ కోలా అను ఆచార్యుడు 1990ల చివర రాడారును ప్రధానముగా నమ్ముకొనక, అయిదేసి మీటర్ల యెడమున నేలలోనికి బోరుసూది దింపి మన్ను తీసి చూచెను. 33 సామూహిక సమాధులు లెక్కకు వచ్చినవి. మోటైన పద్ధతియే. ఐనను చేతికి వచ్చిన మన్నుతో వాదించుట కష్టము.

తక్కెడ ఒకరికొకటి, మరొకరికొకటి కారాదు. 2021 మే నెలలో కెనడా దేశమున కామ్లూప్స్ అను చోట, ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి యుంచిన పాత వసతి పాఠశాల ప్రాంగణమున రాడారు 215 చోట్ల గుర్తులు చూపినదని వార్త వచ్చినది. పత్రికలు “215 దేహములు” అని వ్రాసినవి. కొన్ని వారములకే ఆ పరీక్ష జరిపిన విదుషి 200 అనియు, అవి సంభావ్య సమాధులు మాత్రమే యనియు సవరించెను. పూర్తి నివేదిక ప్రకటింపబడలేదు. ఏండ్లు గడచినను త్రవ్వకము జరుగలేదు. త్రవ్వవలెనా వద్దా యనుట ఆ బిడ్డల వంశీయులు నిర్ణయించుకొనవలసిన సంగతి. ఐనను “భేదము” అచ్చట “దేహము”గా మారిన మాట నిజము. దానిని పట్టుకొని ఆ పాఠశాలలలో పిల్లలు చావనేలేదని వాదించువారు బయలుదేరిరి. ఇది మొదటిదానికంటె పెద్ద తప్పు. కెనడా సత్యశోధన సంఘము 2015లో లెక్కచెప్పిన 3,200 మరణములు రాడారు మీద ఆధారపడినవి కావు. అవి పాఠశాలల, ప్రభుత్వపు కాగితములనుండి తీసినవి. రాడారు గుర్తులన్నియు చెట్లవేళ్లే యని రేపు తేలినను ఆ జాబితాలో ఒక్క పేరైనను చెరగదు.

“ప్రకటింపబడని” అను మాట హైదరాబాదువారికి క్రొత్త కాదు. 1948 సెప్టెంబరు పోలీసుచర్య కాలమున, ఆ వెనువెంటను జరిగిన హత్యలను విచారించుటకు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గారలు నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు సంస్థానమున తిరిగిరి. ఆ పూర్వమే, ఆగస్టు 27న, రజాకార్లు భైరాన్‌పల్లిలో పదులకొలది గ్రామస్థులను కాల్చి చంపియుండిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. సుందర్‌లాల్ సంఘమువారు చూచినది రెండవ వైపు: ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములమీద జరిగిన ప్రతీకారము. శవములు నిండిన బావులను చూచిరి. సంస్థానమంతటను 27,000 మొదలు 40,000 వరకు జనులు చనిపోయి యుందురని తక్కువలో తక్కువగా అంచనా వ్రాసిరి. ఈ సంఘటనలను ట్రెబ్లింకాతో సరితూచుట న్యాయము కాదు. కారణములు వేరు, పరిమాణము వేరు. ఇచ్చట సంబంధించినది నివేదిక గతి మాత్రమే. ప్రభుత్వము దానిని అచ్చువేయలేదు. కొన్ని భాగములు మధ్యలో పరిశోధకుల చేతికి వచ్చినను, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున మూలప్రతిని అందరును చూడ వీలైనది 2013లో. ఆ అరువదియైదేండ్లలో ఏమి జరిగినది? ఒకరు రెండు లక్షలనిరి. ఒకరు ఏమియు జరుగలేదనిరి. ఇరువురికిని నివేదిక కనబడకుండుటయే బలము. తెరచి చూచినపుడు అందు ఎన్ని జిల్లాలు చూచిరో, ఏవి చూడలేదో, ఎందరిని ప్రశ్నించిరో వ్రాసియున్నది. అంచనాను తగ్గించుటకో పెంచుటకో ఇప్పుడు ఎవరైన పూనుకొనవచ్చును, కాని కారణము చెప్పవలెను.

దాచినవారు ఒకచోట ప్రభుత్వమువారు, ఒకచోట వాదియే. అంతమాత్రమున రెండును ఒకటి కావు. ప్రభుత్వము దాచిన కాగితము ఎచ్చటనో ఉన్నది, ఏనాటికైన బయటపడును. వాది తన పరీక్షను తానే దాచినపుడు, అడుగవలసిన చోటు అతని ఇంటి గుమ్మము తప్ప వేరొకటి లేదు.

ట్రెబ్లింకానుండి బ్రతికి బయటపడినవారిలో కడపటివాడని లోకమెరిగిన సామ్యూల్ విల్లెన్‌బర్గ్ 2016 ఫిబ్రవరిలో మరణించెను. ఇక అచ్చట నిలువబడి “ఇచ్చట ఇది జరిగినది” అని చెప్పగల కంఠము లేదు. ఇటుపై నేలను, కాగితమును అడుగువారే ఎక్కువ. నేలను అడుగుట ఎంత జాగ్రత్తతో జరుగవలెనో పైన చెప్పబడినది. కాగితము సంగతి ఒక్కటి మిగిలియున్నది.

1943 జనవరి 11న హెర్మన్ హోఫ్లె అను నాజీ అధికారి లూబ్లిన్ నగరమునుండి ఒక రహస్య తంతి పంపెను. బ్రిటిషువారు దానిని గాలిలోనే పట్టి సంకేతమును విప్పిరి. ఐతే అందలి అంకెల భావము వారికి నాడు బోధపడలేదు. వేలాది ఇతర కాగితములతో పాటు అది లండనులోని క్యూ పత్రభాండాగారమునకు చేరినది. 2000లో దానిని గుర్తించి, పీటర్ విట్టె, స్టీఫెన్ టయాస్ అను పరిశోధకులు 2001లో పూర్తి పాఠముతో ప్రకటించిరి. 1942 సంవత్సరాంతము వరకు నాలుగు శిబిరములకు వచ్చినవారి లెక్క అది. శిబిరముల పేర్లు లేవు, మొదటి అక్షరములు మాత్రమే: లూబ్లిన్‌కు 24,733; బెల్జెక్‌కు 4,34,508; సొబిబోర్‌కు 1,01,370; ట్రెబ్లింకాకు 71,355. మొత్తము 12,74,166 అని యున్నది. కూడి చూచినచో 6,31,966 మాత్రమే వచ్చును. లెక్క తప్పినది. తంతి తప్పా, మోసమా? ట్రెబ్లింకా అంకెలో ఒక 5 జారిపోయినది. 7,13,555 అని చదివినచో మొత్తము అక్షరాల సరిపోవును. అదే 12,74,166 అను సంఖ్య, రిఖర్డ్ కోర్హెర్ అను నాజీ గణాంకాధికారి 1943లో తన పై అధికారులకు సమర్పించిన నివేదికలోను ఉన్నది. ఆ నివేదిక యుద్ధానంతరమే బయటపడి యుండెను. ఈ తంతి దొరకునని ఎవరును ఊహింపకముందే.

ఆ కాగితము క్యూలో ఉన్నది. కోరినవారికి చూపుదురు. దాని నకలు ఈ పఠనమందిరపు బల్లమీద నుంచినచో, అయిదవ తరగతి పిల్లవాడు నాలుగు అంకెలను ఒకదాని క్రింద నొకటి వ్రాసికొని కూడగలడు.